అమ్మకానికి అమ్మమ్మ

తాడేపల్లిగూడెం నుంచి భీమడోలు మీదుగా ఏలూరు వెళ్ళే దారిలో అమ్మమ్మ లేని బోర్డు కోసం వెతుక్కోవలసిన కాలం వచ్చింది. పచ్చడి సీసా మీద అమ్మమ్మ. భోజన హోటలు గోడ మీద అమ్మమ్మ. గానుగ నూనె డబ్బా మీద, బెల్లం కాఫీ బండి మీద, ఆఖరికి ఇళ్ళస్థలాల లేఅవుటు ప్రకటనలో కూడా అమ్మమ్మే. ఎర్రంచు నేత చీర, రూపాయి కాసంత బొట్టు, చేతిలో రోకలో కవ్వమో. వెనక మండువా లోగిలి, పెరట్లో బావి, బావి గట్టు పక్కన అరటి చెట్టు. ఆవిడకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు. అందుకే ఆవిడ అందరికీ అమ్మమ్మ.

గతాన్ని తలుచుకునేవారితో నాకు తగవు లేదు. తెలుగు సాహిత్యంలో సగం ఆ తలపోతల మీదే బతుకుతోంది. తగవు వ్యాపారంతోనూ కాదు. పచ్చడి అమ్ముకునేవాడు పచ్చడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం న్యాయమే. నా అభ్యంతరం వేరు. బెంగ అనేది వర్తమానం మీద మనిషి చేసే ఫిర్యాదు. ఏదో పోయింది, అది పోకుండా ఉండవలసింది అని అంటుందది. ప్రకటన ఆ ఫిర్యాదును తీసుకుని, ఒక సరుకు చేతిలో పెట్టి, రసీదు ఇచ్చి పంపేస్తుంది. పోయినది పోయినట్టే ఉంటుంది. ఫిర్యాదు మాత్రం సద్దుమణుగుతుంది. ఈ బేరంలో ఎవరికేమి ముట్టిందో లెక్క చూడాలని ఈ టపా.

మాట సంగతి

'నోస్టాల్జియా'కు తెలుగేమిటని మనవాళ్ళు చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. గతస్మృతి అన్నారు, గతానురక్తి అన్నారు, స్మృతి విలాపమనీ అన్నారు. నాకు మాత్రం 'బెంగ'కు మించిన మాట కనిపించదు. ఆ పాశ్చాత్య పదం పుట్టుక చూసినా ఇదే సరైన మాట. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం, గ్రీకులో ఇంటికి తిరిగి రావడమనే అర్థమున్న మాటనూ నొప్పి అనే మాటనూ అతికించి దాన్ని తయారు చేశాడు. ఊరికి దూరమైన స్విస్ యువకులకు పట్టుకునే జబ్బుకు అతను పెట్టిన పేరు అది. నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, జ్వరం వస్తుంది. మందేమిటంటే ఇంటికి పంపడం.

మన ఇళ్ళల్లో దీనికి వైద్యశాస్త్రం అవసరం లేకపోయింది. అత్తవారింటి నుంచి వచ్చిన కబురులో "పిల్ల బెంగ పెట్టుకుంది, ఒళ్ళు కాలుతోంది" అని ఉంటే, పుట్టింటివాళ్ళు బండి కట్టించుకుని బయలుదేరేవారు. బెంగ జబ్బని తెలుసు, దాని మందూ తెలుసు. ప్రకటనలకు కూడా ఈ జబ్బు బాగా తెలుసు. తేడా ఏమిటంటే, రోగి ఇల్లు చేరితే వాటి గిరాకీ పోతుంది. అందుకని ఇంటికి పంపవు, ఇంటి బొమ్మను అమ్ముతాయి.

పూర్వపక్షం

ఎదుటి పక్షానికి బలం లేదని నేననను. వాళ్ళ వాదాన్ని వాళ్ళకన్నా గట్టిగా చెప్పి మరీ జవాబివ్వడం మన శాస్త్రకారుల పద్ధతి.

మొదటిది, ఇది పనిచేస్తుంది. హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే పరిశోధకులు 1989లో చేసిన అధ్యయనంలో, మనుషులు ఎక్కువగా ఇష్టపడే పాటలు వాళ్ళకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో జనంలో ఉన్నవని తేలింది. యాభై దాటినవాడి జేబు తెరిపించాలంటే వాడి ఇరవయ్యో పడి నాటి పాట వినిపిస్తే చాలునన్నమాట. 2014లో లాసలేటా, సెడికిడెస్, వోస్ అనే ముగ్గురు ఇంకో అడుగు ముందుకు వేశారు. పాత రోజులు తలుచుకున్నవారిలో డబ్బును పట్టుకుని ఉండాలన్న కోరిక సడలుతుందనీ, వస్తువుకు ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడతారనీ వాళ్ళ ప్రయోగాలు చూపించాయి. జ్ఞాపకం మెత్తబరచిన చెయ్యి జేబులోకి సులువుగా పోతుంది.

రెండవది, కొత్త పేరు నిలబెట్టడం కన్నా పాత పేరు లేపడం తేలిక. 1989 నాటి 'హమారా బజాజ్' ప్రకటనతో పెరిగిన తరం కోసమే ఆ సంస్థ తన విద్యుత్ స్కూటరుకు 2019లో మళ్ళీ చేతక్ అనే పేరు పెట్టింది. ఇంజను పోయింది, పొగ పోయింది, పేరు మిగిలింది. 2022లో రిలయన్స్ సంస్థ కాంపా కోలా పేరును కొని, 2023లో తిరిగి బజారులోకి తెచ్చింది. పేరుకున్న బరువు తెలియకపోతే ఏమవుతుందో 1985లో అమెరికాలో కోకాకోలా సంస్థకు తెలిసివచ్చింది. పాత రుచి మార్చి కొత్తది పెట్టారు. జనం గగ్గోలు పెట్టారు. మూడు నెలలు తిరక్కుండా పాతదాన్ని మళ్ళీ తేవలసి వచ్చింది.

మూడవది, అన్నిటికన్నా నేను గౌరవించేది: జ్ఞాపకం మీద నడిచే అమ్మకం కొన్ని చేతివృత్తులను బతికిస్తుంది. మన గోదావరి అవతల ఆత్రేయపురాన్ని చూడండి. బోర్లించిన కుండ వేడి మీద, పలుచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పరిచి, క్షణంలో రేకు తీసే పనితనం అక్కడి ఆడవాళ్ళది. పండగ పూటకు పూతరేకులు రావాలన్న ఊరందరి బెంగే వాళ్ళ కూలి. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ సోడా పెద్ద పెద్ద సీసాల ఉప్పెనలో కొట్టుకుపోకుండా నిలిచిందంటే, అందులో తాగేవాళ్ళ జ్ఞాపకానికి వాటా ఉంది. ఇక్కడ జ్ఞాపకం నుంచి సరుకు దాకా, సరుకు నుంచి చేసే చేతి దాకా తెగని దారం ఒకటి ఉంది. కొన్నవాడి రూపాయి ఆ దారం వెంట నడిచి, ఎంతో కొంతైనా ఆ చేతికి చేరుతుంది.

ఇంతవరకు పూర్వపక్షం. ఇక ఆ దారం తెగిన చోట్లు చూద్దాం.

లేని జ్ఞాపకం

2002లో బ్రౌన్, ఎల్లిస్, లోఫ్టస్ అనేవారు ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించారు. చిన్నప్పుడు డిస్నీ వినోదస్థలానికి వెళ్ళి అక్కడ బగ్స్ బన్నీ కుందేలుతో చెయ్యి కలిపినట్టు గుర్తు చేసే కల్పిత ప్రకటన ఒకటి కొందరికి చూపించారు. తర్వాత అడిగితే, వారిలో కొంతమంది ఆ కుందేలును నిజంగానే అక్కడ కలిశామని చెప్పారు. చిక్కేమిటంటే ఆ కుందేలు డిస్నీ వారిది కాదు, వారి పోటీదారు వార్నర్ సంస్థది. అది అక్కడ ఉండే అవకాశమే లేదు. ప్రకటన ఉన్న జ్ఞాపకాన్ని తట్టి లేపడమే కాదు, లేనిదాన్ని నాటగలదు కూడా. 1996లో అర్జున్ అప్పాదురై దీన్ని ఇంకో వైపు నుంచి చెప్పాడు: వినియోగదారుడు తానెప్పుడూ పోగొట్టుకోని వస్తువుల మీద బెంగ పెట్టుకునేలా వ్యాపార ప్రకటన నేర్పుతుందని.

దీనికి మన గూడెం కన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. తాడేపల్లిగూడెం మండువా లోగిళ్ళ వల్ల పేరు పొందిన ఊరు కాదు. రైలు వల్ల, బజారు వల్ల పెరిగిన ఊరు. ఉల్లిపాయల లారీలు, బెల్లం దిమ్మలు, బియ్యం మిల్లులు, కాటాలు, కమీషన్ దుకాణాలు, హమాలీల కేకలు: దీని గతం వాసన అది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే ఊరి పక్కనే ఉంది. సినిమాల్లో తెలుగుదేశాన్నంతటినీ నవ్వించిన రేలంగి వెంకట్రామయ్య ఇక్కడ హాలు కట్టించి, 1975లో ఇక్కడే కన్నుమూశాడు. ఇంత విశిష్టమైన గతమున్న ఊళ్ళో, ప్రకటన బోర్డులు చూస్తే హమాలీ లేడు, కాటా లేదు, రన్‌వే లేదు, రేలంగి లేడు. ఎక్కడినుంచో తెచ్చిన బావి, ఎక్కడిదో అరటి చెట్టు. ఈ బొమ్మలతో పెరిగిన పిల్లవాడు రేపు తన ఊరి గురించి రాయమంటే మండువా గురించి రాస్తాడు. వాడి సొంత జ్ఞాపకాన్ని చెరిపి, అచ్చుబొమ్మ జ్ఞాపకం ఒకటి వాడికి అంటగట్టారు.

అమ్మమ్మ చేతిలో ఏముంది?

ఇక ఆ బొమ్మలోని అమ్మమ్మ దగ్గరకు వద్దాం. "అమ్మమ్మగారిల్లు" అని ఎంత తియ్యగా అంటారు! ఆ ఇంటి కాగితాల మీద ఎవరి పేరుందో అడిగినవారున్నారా? ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి; అదీ అప్పటికి పెళ్ళి కాని వారికే. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ప్రకటనలోని అమ్మమ్మ వయసు లెక్కవేస్తే, ఆవిడ పెళ్ళి 1985కు చాలా ముందే అయిపోయి ఉంటుంది. అంటే పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో 1985 నాటి ఆ సమాన హక్కు ఆవిడకు దక్కలేదు. ఉంటున్న ఇల్లు తాతగారిది. అమ్మమ్మ అన్నది ఆ ఇంటి పేరే గాని, పట్టా మీద పేరు కాదు.

ఆవిడ చాకిరీ సంగతి సరేసరి. రోలు, రోకలి, తిరగలి, కట్టెల పొయ్యి పొగ. ప్రకటనలో ఈ పొగ మంచులా అందంగా తేలుతుంది. ఆవిడ కళ్ళల్లో అది అలా తేలలేదు. చాకిరీని ప్రేమ అని పిలిస్తే కూలి ఇవ్వక్కర్లేదన్న కిటుకు మన జిల్లాకు కొత్తదేమీ కాదు. నరసాపురం లేసు అల్లేవారి గురించి మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. విదేశాలకు ఎగుమతయ్యే లేసును రోజంతా కూచుని అల్లే ఆడవాళ్ళను "తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులు"గా లెక్కగట్టడం వల్లే వారి కూలి అంత తక్కువలో నిలిచిపోయిందని ఆవిడ చూపించింది. ఇప్పుడు పచ్చడి కార్ఖానాలో ఎండలో మామిడికాయ ముక్కలు కొట్టే మనిషిని తలుచుకోండి. సీసా మీద ఆవిడ బొమ్మ వేయరు. ఆవిడ స్థానంలో ఎన్నడూ కూలి అడగని అమ్మమ్మ బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ ఉన్నంతకాలం సీసా వెనక కూలీ మనిషి ఉందన్న ఆలోచనే మనకు రాదు.

ఇంకొకటి. ఆ లోగిలి ఎవరిది? ఊరంటే ఒక్క లోగిలి కాదు. ఊరికి పేట ఉంది, పాలెం ఉంది, ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి నీళ్ళ కోసం ఎదురుచూసినవారున్నారు. 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాశారు. వందేళ్ళు దాటినా మన ప్రకటనల ఊరికి ఆ పల్లె ఇంకా తగల్లేదు. బావి బొమ్మ చూసి ఒకరికి చల్లదనం గుర్తొస్తుంది, ఇంకొకరికి అడ్డు చెప్పిన గొంతు గుర్తొస్తుంది. "మన అందరి బాల్యం" అని ప్రకటన అన్నప్పుడల్లా ఆ రెండో మనిషిని 'అందరి'లోంచి తీసేస్తోంది.

కొల్లేరు బొమ్మ

ఇంతవరకు చెప్పినవి భావనల తప్పులు. ఇప్పుడు చెప్పేది నీటికి సంబంధించినది.

ఏలూరుకు దక్షిణాన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. హోటళ్ళ గోడల మీదా, యాత్రల కరపత్రాల మీదా దాని బొమ్మ ఒక్కటే: పొద్దుపొడుపు, తాటి దోనె, వల విసిరే మనిషి, బారులు తీరిన పెలికాన్లు. ఆ బొమ్మలో చేపల చెరువు గట్టు ఉండదు. అసలు కొల్లేటిలో చాలాచోట్ల కళ్ళకు మొదట కనిపించేది ఆ గట్టే. 1970ల చివరలో ప్రభుత్వమే సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత పెట్టుబడి దిగింది, చెరువులు సరస్సును మింగాయి. 1999లో అయిదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005-06లో గట్లు పేల్చి కూల్చారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానించింది. కూల్చిన గట్లు మళ్ళీ లేచిన చోట్లు ఎన్నో. తరాలుగా సరస్సు మీద వల వేసి బతికిన వడ్డి కులస్థులు చెరువులు వచ్చినప్పుడూ నష్టపోయారు, చెరువులు కూల్చినప్పుడూ నష్టపోయారు.

ఇప్పుడు "కొల్లేటి చేపల పులుసు, పాతకాలపు రుచి" అన్న బోర్డు చదవండి. ఆ గిన్నెలో ఉండే అవకాశం ఎక్కువగా దేనికి? మేత వేసి చెరువులో పెంచిన బొచ్చెకు, శీలావతికి. కొరమేను, జెల్ల, మట్టగిడస అంటే నోరూరే ముసలివారిని అడిగితే తేడా చెబుతారు. చెరువు చేప తప్పని నేననను. దాని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. చెరువు చేపను చెరువు చేపగా అమ్మితే అందులో దోషమేమీ లేదు. సరస్సును మింగిన చెరువులోంచి తీసిన చేపకు, ఆ మింగబడిన సరస్సు జ్ఞాపకాన్నే మసాలాగా చల్లడం దోషం. చచ్చినవాడి ఫోటో చూపించి చంపినవాడు చందా వసూలు చేయడమది.

లేఅవుట్లదీ ఇదే కథ. వరిచేలో హద్దురాళ్ళు పాతి, "పచ్చని పైరుల నడుమ మీ బాల్యంలోకి" అని ఆహ్వానిస్తారు. మెరక వేసి ఇళ్ళు లేచేసరికి పైరు ఉండదు. బెంగ పుట్టించే వస్తువును తామే మాయం చేసి, ఆ బెంగను తామే అమ్ముకునే వ్యాపారానికి నష్టమన్నదే రాదు.

నా ఆరోపణ అసలు బరువు ఇక్కడుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాలలో సీసం, నికెల్ కనిపించాయి. నీటి మీద, కూరగాయల మీద, పురుగుమందుల మీద అనుమానాలు సాగాయి. తాగే నీటిని, తినే తిండిని నమ్మలేని మనిషి "వెనకటి రోజుల్లో ఇలా లేదు" అంటే అది కేవలం బెంగ కాదు, పాలకుల ముందు పెట్టవలసిన అర్జీ. ఆ అర్జీ కాలువల దగ్గరకు, నీటి పరీక్షల దగ్గరకు, పురుగుమందుల దుకాణాల తనిఖీల దగ్గరకు వెళ్ళాలి. "అమ్మమ్మ కాలపు స్వచ్ఛత" అన్న సీసా దాన్ని దారిలోనే ఆపుతుంది. డబ్బున్నవాడు సీసా కొనుక్కుని ఇంటికి పోతాడు. లేనివాడు అదే నీళ్ళు తాగుతాడు. అర్జీ మీద సంతకం పెట్టేవారు తగ్గిపోతారు.

అతిశయోక్తి అలంకారమే గదా?

"ప్రకటన అంటేనే అతిశయోక్తి, దీనికింత రాద్ధాంతమా?" అంటారని తెలుసు. అతిశయోక్తి అలంకారమే. కాని కవి మేడలు చంద్రుణ్ణి తాకుతున్నాయంటే అది అతిశయోక్తి అని కవికి తెలుసు, వినేవాడికీ తెలుసు; ఇద్దరికీ తెలిసినప్పుడే అది అలంకారం. ఒకరికే తెలిస్తే దానికి అలంకారశాస్త్రంలో చోటు లేదు, శిక్షాస్మృతిలో వెతకాలి.

చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం 'సంప్రదాయ' అన్న మాటను తరాలుగా ఉండి, పెద్దగా మారకుండా కొనసాగిన తయారీకే వాడాలి. 'ఇంట్లో చేసినది' వంటి మాటలు కొనేవాడిని భ్రమింపజేసేలా వాడకూడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. 2022లో దానికి విడిగా మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అయితే చట్టం మాటను పట్టుకోగలదు గాని బొమ్మను పట్టుకోవడం కష్టం. అందుకే అమ్మమ్మ మాట్లాడదు. ఊరికే నవ్వుతుంది.

వ్యాపారికి కూడా ఇందులో ప్రమాదం లేకపోలేదు. జ్ఞాపకంతో పోటీ పడే వస్తువు ఎప్పుడూ ఓడిపోతుంది. "అచ్చం అమ్మమ్మ చేతి ఆవకాయ" అని చెప్పి అమ్మినవాడు, కొన్నవాడి అమ్మమ్మతో పందెం కాసినట్టే. మొదటి ముద్దలోనే తీర్పు వస్తుంది. ఆ తర్వాత కొన్నవాడి చూపులో ఆ సరుకు చెడ్డ పచ్చడి మాత్రమే కాదు, తన ఇంటి మనిషి పేరు వాడుకున్న పచ్చడి. ఆ కోపం తగ్గింపు ధరలతో చల్లారదు.

కనుక గతాన్ని ప్రకటనల్లోంచి వెలివేయమని నేనడగను. మూడు ప్రశ్నలు మాత్రం అడుగుదాం. ఈ బొమ్మలోని గతం ఏ ఊరిది, ఎవరిది? దాన్ని తయారు చేసిన చేతికి ఈ రూపాయిలో ఎంత ముడుతోంది? దేన్ని తలుచుకోమంటున్నారో, దాన్ని మిగల్చడానికి ఈ అమ్మకం తోడ్పడుతోందా, ముగించడానికా? ఆత్రేయపురం పూతరేకు వీటిలో దేనికీ తడుముకోదు. మన దారి పక్క బోర్డుల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న దగ్గరే నీళ్ళు నములుతాయి.

బెంగ పెట్టుకున్న పిల్ల కోసం వెనకటివాళ్ళు బండి కట్టించారు. కొల్లేటి మీద బెంగ ఉంటే కొల్లేటి నీళ్ళ గురించి అడగాలి, అమ్మమ్మ మీద బెంగ ఉంటే ఈనాటి అమ్మమ్మ చాకిరీ గురించి, ఆవిడ పేరు మీద ఉండవలసిన కాగితం గురించి అడగాలి. పచ్చడి కావాలంటే పచ్చడి కొనుక్కోవచ్చు, రుచిగా ఉంటే మళ్ళీ కొనుక్కోవచ్చు. దానికి అమ్మమ్మ పూచీ అక్కర్లేదు.